గాలం సరే, ఐసు పెట్టె కొన్నావా?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వస్తూ గాలం తెస్తున్నానని, అంతర్వేది ఒడ్డున ‘మాకెరెల్’ పడతానని ఫోనులో అన్నావు. ముందు దాన్ని కానాగంత అని పిలవడం నేర్చుకో అల్లుడూ. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిన్ పేరులోనూ రెండో ముక్క ‘కానాగుర్త’. విశాఖపట్నం తీరంలో చేపల బొమ్మలు వేయించి 1803లో అచ్చు వేయించిన పాట్రిక్ రస్సెల్ అనే దొర మన వాళ్ల పేరునే రాసుకున్నాడు. లోకమంతా మన మాట వాడుతుంటే నువ్వు ఇంగ్లీషులో అడుగుతున్నావు!

గాలపు కర్రకు ఐదు వేలు పెట్టావట. ఐసు పెట్టెకు ఎంత పెట్టావు? ఏమీ పెట్టలేదనే నా అనుమానం. నాకూ నీ వయసులో ఆ బుద్ధి లేదు. పొద్దున పట్టిన కానాగంతల్ని తడి గోనెసంచిలో చుట్టి, చెట్టు కింద పెట్టి, మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకున్నాను. ఇంటికి తెచ్చాక వాసన చూస్తే బాగానే ఉంది. పులుసు కూడా బాగానే కుదిరింది. తిని గంట తిరక్కుండా ముఖం ఎర్రబడి, మెడ మీద దద్దుర్లు లేచి, తల పగిలిపోయింది. ఇక నా ఒంటికి చేపలు పడవనుకుని ఏడాదిపాటు ముట్టలేదు. పడనిది చేప కాదని తర్వాత తెలిసింది. కానాగంత, వంజరం, సూర ఒకే కుటుంబం. వాటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చచ్చిన చేప వేడిలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అది ముక్కుకు తెలియదు, ఎంత ఉడికించినా పోదు, చింతపండు పులుపుకు లొంగదు.

అందుకే చేప ఇసుక మీద కొట్టుకుంటుండగానే ఐసులో పడాలి. మన ఎండకు కిలో చేపకు కిలో ఐసు అనుకో. ఐసు గడ్డలుగా కాకుండా పొడి కొట్టి తీసుకెళ్లు. అందులో కాస్త సముద్రపు నీళ్లు పోస్తే చేప చుట్టూ అంటుకుని త్వరగా చల్లబరుస్తుంది.

ఇక చోటు సంగతి. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర మాత్రం నీళ్లలో దిగకు. గోదావరి పాయ వశిష్ఠ, సముద్రం కలిసే చోట లాగుడు ఎక్కువ, పైగా మట్టి నీళ్లు. కానాగంతకు తేట ఉప్పు నీళ్లు కావాలి. వరదల రోజుల్లో దాని కోసం ఒడ్డున కూర్చోవడం వృథా. జనవరికి నీళ్లు తేరుకుంటాయి. నది మొగ వదిలి ఒడ్డు వెంట దూరంగా నడువు. పోటు ఎక్కుతున్నప్పుడు, అదీ తెల్లవారగానే గాని పొద్దువాలేటప్పుడు గాని వెయ్యి. పక్షులు ఒకే చోట నీళ్ల మీద మునిగి లేస్తుంటే అక్కడ మంద ఉన్నట్టే. నిజం చెప్పాలంటే ఇసుక ఒడ్డు నుంచి గాలానికి కానాగంత పడడం అదృష్టం మీద ఆధారపడిన పని. ఉప్పాడ వైపు కోతకు అడ్డంగా వేసిన రాళ్ల మీద నుంచి అయితే గాలం లోతుకు అందుతుందంటారు గాని, పాకుడు పట్టిన ఆ రాళ్ల మీదికి నిన్ను ఒంటరిగా పంపను. అలివి వల లాగేవాళ్లు కనిపిస్తే గాలం పక్కన పెట్టి, అడిగి తాడు పట్టుకో. వల ఒడ్డుకు చేరాక గుప్పెడు చేపలైనా చేతిలో పెడతారు. ఎలా లాగాలో కూడా వాళ్లే తిట్టి మరీ నేర్పుతారు.

కానాగంత నోరంతా తెరిచి ఈదుతూ నలుసుల్లాంటి జీవుల్ని వడగట్టుకుని తింటుంది. కాబట్టి పెద్ద కొక్కెం చూపిస్తే పట్టించుకోదు. చిన్న కొక్కేలు నాలుగైదు ఒకే తాడుకు కట్టి, ఒక్కోదానికి మెరిసే దారపు పోగో, గోరంత రొయ్య ముక్కో తగిలించు. చివర సీసపు గుండు. పట్టినట్టు తెలియగానే గుంజకు. దాని మూతి మెత్తన, గుంజితే చిరిగి జారిపోతుంది. ఆపకుండా, ఒకే తీరుగా చుట్టుకుంటూ రా.

ఇంటికి వచ్చాక మొప్పలు, పేగులు తీసేసి, పొట్ట లోపలి నల్లటి పొరను బొటనవేలితో గీకు. నీచు వాసన సగం అక్కడే ఉంటుంది. కళ్లుప్పు, పసుపు వేసి రుద్ది రెండుసార్లు కడుగు. పులసకు చేసినట్టు వెన్న, బెండకాయలు అంటూ హంగులు వద్దు. వెడల్పాటి దాకలో ఉల్లిపాయ, పచ్చిమిరప మగ్గాక, కారం వేసి, కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు పిసికి పొయ్యి. పులుసు కాగి నూనె అంచులకు చేరాకే చేపలు వెయ్యాలి. తర్వాత గరిటె జోలికి వెళ్లకు. దాకను రెండు గుడ్డలతో పట్టుకుని గుండ్రంగా ఆడించు. పావుగంట చాలు. దించే ముందు చిటికెడు మెంతిపొడి. నూనె తగ్గించు, ఈ చేపకు సొంత కొవ్వు ఉంది.

తలలు పారేయకు, మీ అత్తకు కావాలి. నర్సాపురం నుంచి వస్తావు కాబట్టి సఖినేటిపల్లికి నది దాటించే చివరి పంటు ఎన్ని గంటలకో రేవులో అడిగిపెట్టుకో. ఐసు మాత్రం నర్సాపురం ఒడ్డునే కొను.

ఇట్లు,
మామయ్య