సుగ్గికి పోయిన బెంచీలు

(కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక మండలానికి విద్యాశాఖాధికారిగా ఉన్న రచయిత, 2024-25 బడి సంవత్సరం ముగిసిన వారంలో పాఠకుల ప్రశ్నలకు రాసిన జవాబులు ఇవి.)

ప్రశ్న: ఏప్రిల్ 23తో బళ్లు మూసేశారు. మీ మండలంలో ఈ ఏడాది ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు? దాచకుండా చెప్పండి.
– ఒక రిటైర్డ్ టీచర్, ఆదోని

మాస్టారూ, దాచను. డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులతో మెగా సమావేశాలు జరిగాయి కదా. ఆ రోజు నేను వెళ్లిన ప్రతి బడి ముందూ ముగ్గులున్నాయి. తల్లులు వచ్చి పిల్లల నోట్సులు తెరిచి చూశారు. చదవడం రాని అమ్మ కూడా కొడుకు రాతను వేలితో తడిమి చూసింది. అది బాగా జరిగింది.

కానీ ఒక ఊళ్లో ఆరో తరగతి గదిలోకి వెళితే వెనక మూడు బెంచీలు ఖాళీ. నేను అడగకముందే ముందు బెంచీ పిల్లాడు "సుగ్గికి పోయినారు సార్" అన్నాడు.

వేరే జిల్లాల పాఠకులకు ఈ మాట కొత్త కావచ్చు. మా దిక్కు సుగ్గి అంటే పని కోసం ఊరు విడిచిపోవడం. మావి వాన మీద ఆధారపడ్డ చేలు. పంట కాలం దాటితే ఊళ్లో కూలి దొరకదు. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు టెంపోల్లో వేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. కొందరు పత్తి తీయడానికి తెలంగాణకు పోతారు. ఇళ్లకు తాళాలు పడతాయి, అరుగుల మీద ముసలివాళ్లు మిగులుతారు. చాలామంది మళ్లీ ఉగాదికే రావడం. పిల్లలకు మూడు నాలుగు నెలల చదువు పోతుంది.

అలాంటి పిల్లల కోసమే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి తిని, చదువుకోవచ్చు. ఈసారి మా దగ్గర హాస్టల్ తెరిచేసరికే చాలా టెంపోలు వెళ్లిపోయాయి. ఆ తప్పు నాది. జాబితా కోసం నవంబరు దాకా ఆగాను. ఆగస్టులోనే ఇంటింటికీ తిరిగి, ఎవరు పోతారు, ఎప్పుడు పోతారు అని అడిగి ఉండాల్సింది. ఈ ఆగస్టులో అదే చేస్తాను.

జాబితా ఒక్కటే సరిపోదని కూడా ఈ ఏడాదే తెలిసింది. "పెద్దపిల్లను ఈడ ఇడిసిపోతే ఆడ చిన్నోన్ని ఎవురు చూసుకుంటారు సార్?" అని ఒక తల్లి అడిగింది. ఆ ప్రశ్న ముందు నా సర్క్యులర్లేవీ పనికిరాలేదు. ఆమెకు పిల్ల చదువు మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ పిల్ల ఉగాది తర్వాత బడికి వచ్చింది. మిరప మంటకు వేళ్ల చివర్లు పొట్టు లేచి ఉన్నాయి. లెక్కల నోట్సు మాత్రం వెంట తీసుకుపోయి, జాగ్రత్తగా వెనక్కి తెచ్చింది. అందులో అమ్మ రోజూ కోసిన కాయల తూకం, కిలోకి ఇంత చొప్పున కూలి, వారం వారం మొత్తం రాసి పెట్టుకుంది. ఒక్క తప్పు లేదు. వాళ్ల మాస్టారు ఆ నోట్సు నాకు చూపించినప్పుడు సంతోషం వేసింది, భయమూ వేసింది. గుణకారం ఇంత బాగా చేసే పిల్లకు ఆ నెలల్లో తరగతిలో చెప్పిన బీజగణితం ఒక్క ముక్క తెలీదు. ఏప్రిల్‌లో మిగిలిన రోజుల్లో మాస్టారు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారు. సగమే అయింది.

ప్రశ్న: వచ్చే ఏడు కూడా గుంటూరు దిక్కు పోవాల. మా పిల్లోన్ని ఆడ బడిలో చేర్చుకుంటారా? టీసీ లేకుంటే వద్దంటారని చెబుతున్నారు.
– ఒక తల్లి, ఎమ్మిగనూరు

చేర్చుకోవాలమ్మా. టీసీ ఆలస్యమైందని పిల్లవాణ్ని చేర్చుకోకుండా ఉండడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. పుట్టినతేదీ కాగితం లేకపోయినా సరే. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత ఆ ఊరి స్థానిక సంస్థదని కూడా చట్టంలో ఉంది. పోయే ముందు మీ హెడ్మాస్టర్ దగ్గర, బాబు ఏ తరగతి చదువుతున్నాడో ఒక చీటీ రాయించుకోండి. పుస్తకాలు మూటలో అడుగున పెట్టకండి, పైన పెట్టండి. గుంటూరైతే అవే పుస్తకాలు. తెలంగాణకు పోతే మాత్రం పాఠాలు వేరే ఉంటాయి.

ప్రశ్న: మధ్యాహ్న భోజనంలో ఒక్కో పిల్లకు బియ్యం ఎంత ఇవ్వాలి?
– ఒక తండ్రి, మంత్రాలయం

ఐదో తరగతి వరకు రోజుకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు. పప్పు ఐదో తరగతి వరకు 20 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు 30 గ్రాములు. అన్నం వడ్డించే వేళకు వెళ్లి చూడండి, ఎవరూ కాదనకూడదు.

ప్రశ్న: నేను మీ మండలందాన్నే నాయనా. మా పాప ఐదు పాసయింది. కొడుకు, కోడలు సుగ్గికి పోతారు, నాకు కండ్లు కనపడవు. కస్తూర్బా బడిలో చేర్చొచ్చునా? పక్కింటి పిల్లోడు రాసిపెట్టినాడు.
– ఒక అవ్వ

చేర్చొచ్చు అవ్వా. కస్తూర్బా బడి ఇలాంటి ఇళ్ల ఆడపిల్లల కోసమే. ఆరో తరగతి నుంచి అక్కడే ఉండి చదువుకుంటుంది, ఏమీ కట్టక్కర్లేదు. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో మార్చి, ఏప్రిల్‌లోనే తీసుకుంటారు. అప్పుడు పెట్టి ఉంటే సరే. లేకపోతే ఖాళీలు ఏమైనా మిగిలాయేమో ప్రిన్సిపాల్ మేడమ్‌ను నేనే అడుగుతాను. అక్కడ కుదరకపోతే మీ ఊరికి దగ్గరి హైస్కూల్లో చేర్పిద్దాం, సుగ్గి రోజులకు హాస్టల్లో పాప పేరు మొదటే రాసుకుంటాను. పాప ఆధార్ కాగితం పక్కింటి బాబుతో మండల ఆఫీసుకు పంపించు. జూన్ 12న బళ్లు తెరుస్తాం. అంతకు ముందే మీ ఇంటికి వస్తాను.