నైడార్ఫ్ కోసం జేఈఈ మానేయాలా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. మా బాబుకు 16 ఏళ్లు, ప్లస్ వన్. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ 1720. జేఈఈ కోచింగ్ మానేసి చదరంగమే ఆడతానంటున్నాడు. ఈమధ్య ఓడిన ఆట స్కోరుషీటు (ఎత్తులు రాసుకునే కాగితం) పంపుతున్నాను. ఏం చేయమంటారు? - ఒక తల్లి

అమ్మా, మార్కుల జాబితా కన్నా ఆ స్కోరుషీటే నాకు ఎక్కువ చెప్పింది. మీవాడు నల్లపావులతో సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఆడి, 8వ ఎత్తులో మంత్రితో బి2 గడిలోని బంటును తిన్నాడు. తింటే మంత్రి చిక్కుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని 'విషపు బంటు' అంటారు. పక్కన రాసుకున్న గడియారం లెక్క ప్రకారం అక్కడిదాకా పట్టింది 3 నిమిషాలే. ప్రత్యర్థి ఏనుగును బి1కి తెస్తాడని బట్టీపట్టినట్టున్నాడు. అతనేమో గుర్రాన్ని బి3లో పెట్టాడు. ఆ ఒక్క ఎత్తుకు బదులు వెతకడానికి 41 నిమిషాలు! అక్కడినుంచి చేతిరాత కూడా వంకర్లు పోయింది.

సిగ్గుపడాల్సిన పనిలేదు. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్ 11వ ఆటలో అమెరికా ఆటగాడు ఫిషర్ మీద సోవియట్ ఆటగాడు స్పాస్కీ వేసిందీ ఆ గుర్రపుటెత్తే. ఫిషర్ అంతటివాడు మంత్రిని పోగొట్టుకుని ఓడాడు. కాకపోతే ఫిషర్ మ్యాచ్ గెలిచాడు.

ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడని మీవాడు వాదించే ఉంటాడు. నా దగ్గరికి వచ్చే ప్రతి చదరంగపు పిల్లవాడూ ఇదే చెబుతాడు. గుకేశ్ 12 ఏళ్ల 7 నెలలకే గ్రాండ్‌మాస్టర్. ఆ హోదాకు 3 నార్మ్‌లు (టోర్నీల్లో నిర్ణీత స్థాయి ప్రదర్శనలు), 2500 రేటింగ్ కావాలి. మీవాడు ఇంకా చాలా దూరంలో ఉన్నాడు.

కాబట్టి కోచింగ్ మాన్పించకండి. ఐఐటీ మద్రాస్ 2024 నుంచి క్రీడాకారులకు ఒక్కో బీటెక్ కోర్సులో 2 అదనపు సీట్లు ఇస్తోంది. వాటికీ పతకంతోపాటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉండాల్సిందే. ఆట కూడా మాన్పించకండి. ఆరు నెలలు ఓపెనింగ్ పుస్తకాలు అటకెక్కించి, ఓడిన ఆటలకు కంప్యూటర్ తెరవకముందే సొంతంగా వ్యాఖ్య రాయమనండి. వాడి భౌతికశాస్త్రం నోటుబుక్కు కూడా ఒకసారి తిరగేయండి, అక్కడా ఇదే బట్టీ కనిపిస్తుందని నా అనుమానం.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకటి అడగండి: నైడార్ఫ్‌లో 5వ ఎత్తుకు ఆ మూల బంటును ఏ6కి ఎందుకు జరుపుతావు? 'పుస్తకంలో ఉంది' అంటే పైన చెప్పినట్టే కానివ్వండి. తెల్ల గుర్రమూ శకటూ బి5కి రాకుండా అని తడుముకోకుండా చెబితే మాత్రం, నాకు మళ్లీ రాయండి.