డ్రాగ్ రేసు కారుకు క్యాంషాఫ్ట్ ఎంపిక: మేనల్లుడికి రాసిన లేఖ

చిరంజీవి వంశీకి మేనమామ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం చదివాను. పాత మారుతి ఎస్టీమ్‌ను 402 మీటర్ల డ్రాగ్ రేసుకు తయారు చేస్తున్నావనీ, దాని 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజనుకు 300 డిగ్రీల క్యాంషాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ, పొట్టిగా క్యాం) వేస్తే గాని లాభం లేదని నీ స్నేహితుడు పట్టుబడుతున్నాడనీ రాశావు. డబ్బు కట్టక ముందే అడగడం మంచిదయింది. ఆ క్యాం నీ కారుకు పనికిరాదని నా నిశ్చితాభిప్రాయం. ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏది తీసుకోవాలో లెక్కలతో సహా రాస్తున్నాను. ఆజమాబాదు షెడ్డులో ఇన్నేళ్లు ఇంజన్లు కట్టినవాడిని కాబట్టి చెబుతున్నాను, క్యాం విషయంలో ఎవరి మాటనూ, నా మాటను కూడా, లెక్క చూసుకోకుండా నమ్మవద్దు.

ముందుగా గేర్‌బాక్సు లెక్క కట్టాలి. నీ గేర్‌బాక్సు తెరిచినప్పుడు పళ్లు లెక్కపెడితే అసలు నిష్పత్తులు తెలుస్తాయి. ప్రస్తుతానికి మొదటి గేరు 3.4, రెండోది 1.9, మూడోది 1.28, నాలుగోది 0.91 అనుకుందాం. 7500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర గేరు మారిస్తే, ఒకటి నుంచి రెండుకు వెళ్లగానే ఇంజను 4200 దగ్గరికి పడిపోతుంది, రెండు నుంచి మూడుకు వెళితే 5050కి, మూడు నుంచి నాలుగుకు వెళితే 5300కి దిగుతుంది. అంటే లైను దగ్గర కదిలిన మొదటి క్షణాలను పక్కన పెడితే, పరుగు మొత్తంలో ఇంజను పని చేసేది 4200, 7500 మధ్యనే. ఈ మేరలో సగటున ఎక్కువ బలం ఇచ్చే క్యాం ఏదో అదే నీకు కావలసిన క్యాం. డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) కాగితం మీద 8000 దగ్గర ఒక పెద్ద అంకె చూపించి, 4200 దగ్గర ఇంజనును మూలిగేలా చేసే క్యాం వల్ల రెండో గేరులో పోయిన సమయం మళ్లీ ఎక్కడా తిరిగి రాదు. గేరు మార్చే వేగాన్ని ఇంకా పెంచుదామంటావేమో. ఈ ఇంజను స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, 75.5 మి.మీ. 7500 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 18.9 మీటర్లు, 8500 దగ్గర 21.4 మీటర్లు అవుతుంది. కంపెనీ కనెక్టింగ్ రాడ్లు, వాటి బోల్టులు అలాగే ఉంచి ఆ రెండో అంకె జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ 300 డిగ్రీల సంగతి చూద్దాం. వాల్వు తెరుచుకున్నప్పటి నుంచి మూసుకునే వరకు క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) తిరిగే డిగ్రీలను డ్యూరేషన్ అంటాం. దీన్ని వాల్వు సీటు దగ్గర కొలిస్తే ఒక అంకె వస్తుంది, వాల్వు ఒక మిల్లీమీటరు లేచాక కొలిస్తే చాలా చిన్న అంకె వస్తుంది. అమెరికా తయారీదారులు వాల్వు దగ్గర కాకుండా, క్యాం లోబు (క్యాం మీది ఉబ్బు) 0.050 అంగుళం, అంటే 1.27 మి.మీ. లేపిన దగ్గర కొలిచిన అంకె ఇస్తారు. రెండు కంపెనీల క్యాంలను పోల్చేటప్పుడు రెండూ ఒకే లిఫ్టు (లేచిన ఎత్తు) దగ్గర కొలిచినవేనా అని అడగకుండా పోల్చితే ఆ పోలికకు అర్థం లేదు. క్యాం కార్డు (ఈ కొలతలన్నీ రాసిన కాగితం) ఇవ్వలేని వాడి దగ్గర క్యాం కొననే కొనవద్దు.

డ్యూరేషన్ పెరిగితే, గాలి పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది కనుక కాస్త ఓపిగ్గా చదువు. పిస్టన్ అడుగుకు చేరి, తిరిగి పైకి వస్తున్నా ఇన్‌టేక్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది. అది మూసుకునే దాకా సిలిండరులో ఒత్తిడి మొదలే కాదు. ఇన్‌టేక్ సెంటర్‌లైన్, అంటే ఆ వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు, పిస్టన్ పైకొస దాటిన 108 డిగ్రీలు అనుకుంటే, 300 డిగ్రీల క్యాంలో ఆ వాల్వు పిస్టన్ అడుగు దాటిన 78 డిగ్రీలకు మూసుకుంటుంది. రాడ్ పొడవు సుమారు 120 మి.మీ. అనుకుని లెక్క కడితే, అప్పటికి ఒత్తడానికి మిగిలిన స్ట్రోకు 68 శాతమే. నీ ఇంజను కంప్రెషన్ (మిశ్రమాన్ని ఎన్ని రెట్లు ఒత్తుతుందో చెప్పే నిష్పత్తి) 9.5 అనుకో, వాల్వు మూసుకున్న చోటు నుంచి లెక్కిస్తే అది 6.8కి పడిపోతుంది. పై వేగాల్లో లోపలికి దూసుకొచ్చే గాలి ఊపు ఈ లోటును పూడుస్తుంది, అందుకే పెద్ద క్యాంలు అక్కడ బాగా లాగుతాయి. 4200 దగ్గర ఆ ఊపు చాలదు, పీల్చిన మిశ్రమంలో కొంత తిరిగి, అది వచ్చిన గొట్టమైన మ్యానిఫోల్డులోకే పోతుంది. ఈ లోటును కంప్రెషన్‌తో పూడ్చాలంటే దాదాపు 11.8కి పెంచాలి, అంటే పిస్టన్లు మార్చాలి, మంచి పెట్రోలు పోయాలి, ఇగ్నిషన్ మ్యాపు మళ్లీ రాయించాలి. నీ బడ్జెట్టులో అవేవీ లేవు.

అదే 272 డిగ్రీల క్యాం తీసుకుంటే, అదే సెంటర్‌లైనుతో వాల్వు 64 డిగ్రీలకే మూసుకుంటుంది. ఒత్తడానికి 78 శాతం స్ట్రోకు మిగులుతుంది. కంప్రెషన్‌ను 10.5కి పెంచితే, వాల్వు మూసుకున్న చోటు నుంచి లెక్క 8.4 వస్తుంది. ఇంత బరువున్న కారుకు ఇది చక్కటి పొత్తు అని నా అనుభవం. ఎస్టీమ్ తొమ్మిది వందల కిలోల లోపు కారే కాబట్టి మరీ చిన్న క్యాం అక్కరలేదు, ఇంజను 1300 సీసీయే కాబట్టి మరీ పెద్దది మోయలేదు. 264 నుంచి 276 మధ్య ఎక్కడో ఒక చోట స్థిరపడు. రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే చిన్నదే తీసుకో.

ఈ 10.5 అనే అంకెను ఊహతో తేల్చకూడదు. సిలిండరుకు 324.5 సీసీ కాబట్టి, 10.5 రావాలంటే పిస్టన్ పైన మిగిలే ఖాళీ మొత్తం 34.2 సీసీ ఉండాలి. 9.5కైతే అది 38.2 సీసీ. సిలిండర్ల పైమూత అయిన హెడ్‌ను తలకిందులుగా పెట్టి, వాల్వులు బిగించి, చేంబరు (మిశ్రమం మండే గుంట) మీద చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకను గ్రీజుతో అంటించి, బ్యూరెట్టుతో పల్చటి నూనె పోసి కొలువు. గాస్కెట్ మందం, పిస్టన్ పైభాగం గుంట కూడా లెక్కలోకి తీసుకో. తరువాతే హెడ్ ఫేసింగ్‌కు (అడుగు చెక్కించడానికి) ఇవ్వాలి. నాలుగు సీసీలు తగ్గించడానికి దాదాపు ఒక మిల్లీమీటరు తీయాల్సి రావచ్చు. అంత తీస్తే హెడ్ కిందికి దిగి, టైమింగ్ బెల్ట్ వల్ల క్యాం కొద్దిగా వెనకబడుతుంది. కాబట్టి సర్దుబాటు చేసుకునే వెర్నియర్ క్యాం పుల్లీ తప్పనిసరి.

ఈ ఇంజనులో ఒకే క్యాంషాఫ్ట్ ఉందన్న సంగతి మరిచిపోకు. ఇన్‌టేక్ వాల్వులను, పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులను లేపే లోబులు రెండూ ఒకే కడ్డీ మీద ఉంటాయి, వాటి మధ్య కోణం గ్రైండింగులోనే స్థిరపడిపోతుంది. పుల్లీ తిప్పితే రెండూ కలిసి ముందుకో వెనక్కో జరుగుతాయే తప్ప ఆ కోణం మారదు. రెండు క్యాంలున్న ఇంజన్లలో తరువాత దిద్దుకునే వీలుంది, నీకు లేదు. 300 డిగ్రీల క్యాంకు ఈ కోణం 108 అయితే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ 84 డిగ్రీలు అవుతుంది. 272 డిగ్రీల క్యాంకు 110 పెట్టిస్తే 52 డిగ్రీలు. ఓవర్‌ల్యాప్ మరీ ఎక్కువైతే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడిచేటప్పుడు) మ్యానిఫోల్డు వాక్యూమ్ పడిపోతుంది, ప్రెషర్ సెన్సారు చూపించే అంకె ఊగిసలాడుతుంది, కంపెనీ ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) పెట్రోలు లెక్క తప్పుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకు. బ్రేకు బూస్టరు పని చేసేది ఆ వాక్యూమ్‌తోనే. ఫినిషు లైను దాటాక ఆగాల్సింది నువ్వే. క్యాం మార్చిన తరువాత మొదటి పని, ఐడిల్‌లో బ్రేకు పెడల్ వరుసగా మూడు నాలుగుసార్లు తొక్కి, అది గట్టిపడుతోందో లేదో చూడటం.

లిఫ్టు గురించి ఎక్కువ చెప్పను. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి గాలి వెళ్లే దారి దాదాపు పూర్తిగా తెరుచుకున్నట్టే. సిలిండరుకు నాలుగేసి వాల్వులున్న హెడ్‌లో ప్రతి వైపూ చిన్న వాల్వులు రెండేసి ఉంటాయి కాబట్టి విపరీతమైన లిఫ్టు కోసం ఆరాటపడనక్కరలేదు. స్ప్రింగుల విషయంలో మాత్రం పొదుపు చేయకు. పూర్తి లిఫ్టు దగ్గర స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనకుండా మొత్తం మీద కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు మిగలాలి, రిటైనరుకూ (స్ప్రింగును పైన పట్టి ఉంచే మూత) వాల్వు సీలుకూ మధ్య కూడా అంతే ఖాళీ ఉండాలి.

పాత క్యాంనే గ్రైండ్ చేయించి తక్కువలో తేల్చుకుందామని నీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పని తెలిసిన గ్రైండరు చేస్తే నేను దాన్ని కాదనను. కాని గ్రైండ్ చేసినప్పుడు లోబు ఎత్తు పెరగదు, బేస్ సర్కిల్ (లోబులో వాల్వును లేపని గుండ్రటి భాగం) చిన్నదవుతుంది. దాంతో రాకర్ (లోబు కదలికను వాల్వుకు అందించే చేయి) కిందికి వాలుతుంది, వాల్వు సందు సరిచేసే ట్యాపెట్ స్క్రూ ఎక్కువ దిగాలి, రాకర్ ప్యాడ్ లోబును తాకే చోటు పక్కకు జరుగుతుంది. పైగా పోత ఇనుప క్యాంకు గట్టిదనం ఉండేది పై పొరలోనే. ఆ పొర పోయేంత లోతుగా గ్రైండ్ చేస్తే కొద్ది రోజుల్లోనే లోబు మీద గీతలు పడి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతుంది. గ్రైండ్ చేసి వచ్చిన క్యాంను హార్డ్‌నెస్ పరీక్షకు ఇవ్వు. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల్లో ఆ పరీక్ష చేసే చోట్లు దొరుకుతాయి. ప్రతి లోబునూ మైక్రోమీటరుతో కొలిచి, నాలుగు సిలిండర్ల అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. తేడా ఉంటే వెనక్కి పంపు.

బిగించేటప్పుడు పుల్లీ మీది గుర్తుల్ని నమ్ముకుంటే ఇంతసేపు కట్టిన లెక్కంతా వృథా. క్రాంక్ ముందు డిగ్రీ డిస్కు బిగించి, పిస్టన్ స్టాపుతో అసలైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే చోటు) పట్టుకో. స్టాపుకు తగిలే దాకా ఒకసారి సవ్యంగా, ఒకసారి అపసవ్యంగా మెల్లగా తిప్పి, రెండు అంకెల సరిగ్గా మధ్యన సున్నా పెట్టాలి. తరువాత డయల్ గేజిని ఇన్‌టేక్ రిటైనరు మీద ఆనించి, పూర్తి లిఫ్టుకు ఒక మిల్లీమీటరు ముందు ఎన్ని డిగ్రీలో, దాటాక ఒక మిల్లీమీటరు కింద ఎన్ని డిగ్రీలో చూసి, రెండింటి సగటు తీస్తే అదే సెంటర్‌లైన్. రాణిగంజ్‌లో తక్కువ ధరకు దొరికే డయల్ గేజి ఈ పనికి చాలు, కాని దాని స్టాండు కదలకుండా గట్టిగా ఉండాలి. ఈ గేజిని చదివేటప్పుడు మాత్రం క్రాంక్‌ను ఎప్పుడూ ఇంజను తిరిగే దిశలోనే తిప్పు. దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టకుండా, చాలా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రా. మొదట కార్డులో ఉన్న అంకెకే పెట్టు. రెండో గేరులో బలం చాలలేదనిపిస్తే రెండు డిగ్రీలు ముందుకు జరిపి మళ్లీ పరిగెత్తించి చూడు.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య దూరం చూడనిదే స్టార్టు కొట్టవద్దు. స్టేషనరీ దుకాణంలో దొరికే పిల్లల బంకమట్టిని పిస్టన్ పైన వాల్వు గుంటల్లో పరిచి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, ట్యాపెట్లు సరిచేసి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, విప్పి, మట్టిని బ్లేడుతో కోసి అతి పల్చని చోట కొలువు. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఆగిపో. పుల్లీ జరిపిన ప్రతిసారీ ఈ దూరం కూడా మారుతుంది.

కొత్త క్యాం మొదటి ఇరవై నిమిషాల్లోనే బాగుపడటమో పాడవటమో జరుగుతుంది. లోబులకు అసెంబ్లీ పేస్టు పూసి, స్టార్టయిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా 2000, 2500 మధ్య ఇరవై నిమిషాలు నడిపి, ఆ ఆయిల్ దించేయ్.

మన హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి ఒత్తిడి చెన్నై కంటే దాదాపు ఆరు శాతం తక్కువ. కారును చెన్నై దగ్గర ట్రాకుకు తీసుకెళితే ఇంజను అంత ఎక్కువ గాలి పీలుస్తుంది. ఈసీయూ వాతావరణ ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకుండా థ్రాటిల్ కోణాన్ని మాత్రమే చూసి పెట్రోలు పోసేదైతే మిశ్రమం పల్చనై, పిస్టన్లు కరిగే ప్రమాదం ఉంది. అక్కడికి చేరగానే మ్యాపు చూపించుకో.

పరీక్షించి చూద్దామని రాత్రిపూట అవుటర్ రింగు రోడ్డు ఎక్కవద్దు. నెక్లెస్ రోడ్డు వైపు కూడా వెళ్లవద్దు. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగిందంటే, రోడ్లు మూసి, అడ్డుగోడలు కట్టి, అనుమతులతో జరిపారు. అనుమతి లేకుండా ప్రజల రోడ్డు మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం, జైలు శిక్ష కూడా ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లకు నీ పందెం సంగతి తెలియదు. దేశంలో మోటారు పందేలను నియంత్రించే సంస్థ ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనుమతి ఉన్న పోటీల్లోనే పరిగెత్తించు. అక్కడిచ్చే టైమ్ స్లిప్పులో మొదటి అరవై అడుగుల సమయం విడిగా ఉంటుంది, అది చూస్తే లోపం టైరు పట్టులో ఉందో ఇంజనులో ఉందో తేలిపోతుంది.

చేంబరు సీసీలు, గేర్ల పళ్ల లెక్క, నువ్వు వేయబోయే టైరు సైజు రాసి పంపు. అవి చూశాకే ఏ క్యాంకు ఆర్డరు పెట్టాలో తేల్చుకుందాం. ఈలోగా నీ స్నేహితుడు చెప్పిన ఆ క్యాం కార్డు ఫొటో దొరికితే అది కూడా పంపు. అక్కను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ మేనమామ
హైదరాబాదు