టెక్ సందేహాలు: అమెరికా సుంకం ఎక్కడ పడుతుంది?

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో టారిఫ్ అన్న మాట లేనివి తక్కువే. వాటిలో మూడింటిని ఇక్కడ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: ఇందుకూరుపేట మండలంలో మాకు నాలుగు వెనామీ రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ చూసుకోడానికి డీవో మీటర్ కొనాలనుకుంటున్నా. అమెరికా సుంకాలు పెంచాక బయటి దేశాల సరుకంతా ప్రియమైందని షాపాయన అంటున్నాడు. కొన్నాళ్లు ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. అమెరికా వేసే సుంకం అమెరికాలో దిగే సరుకు మీద పడుతుంది, దాన్ని కట్టేది అక్కడి దిగుమతిదారు. చైనా నుంచి చెన్నై రేవుకొచ్చే మీటర్‌తో దానికి సంబంధం లేదు. ఆ మీటర్ మీద పడేవి మన కస్టమ్స్ డ్యూటీ, ఆ డ్యూటీలో పదో వంతు సర్‌ఛార్జి, పైన ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ). ఏ వస్తువు మీద ఎంత పడుతుందో కస్టమ్స్ శాఖ వారి ఐస్‌గేట్ సైట్లోని డ్యూటీ కాలిక్యులేటర్‌లో మీరే చూసుకోవచ్చు. ధర నిజంగా పెరిగి ఉంటే రూపాయి వైపు చూడండి. దిగుమతికి ఎక్కువగా డాలర్లలోనే కట్టాలి, 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది.

అలాగని అమెరికా సుంకం మిమ్మల్ని తాకలేదని కాదు. తాకింది, మీటర్ దగ్గర కాదు, పట్టుబడి రోజు (గుంటలో రొయ్యలు పట్టి అమ్మే రోజు) కాటా దగ్గర. 2025 ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం వేశారు. అదే నెల 27న రష్యా చమురు కొంటున్నామంటూ ఇంకో 25 కలిపారు. రొయ్యకు అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), ప్రభుత్వ సాయానికి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిస్తే 58 శాతం దాటింది. ఆ సమయంలో మనకు పోటీగా ఉన్న ఈక్వెడార్ రొయ్య మీద వేసిన కొత్త సుంకం 15 శాతమే. కాగితం మీద డబ్బు కట్టేది అమెరికా వ్యాపారి. కానీ అతను మన ఎగుమతిదారును రేటు తగ్గించమంటాడు, ఎగుమతిదారు తన ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్య కొనే రేటు దించుతాడు, ఏజెంటు గట్టు మీదకొచ్చి కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఇంతే అంటాడు. మేత, కరెంటు, సీడ్ (రొయ్య పిల్లలు) ఖర్చు అప్పటికే పెట్టేసిన రైతుకు ఆ బరువును ఇంకొకరి మీదకు నెట్టే దారి లేదు. ఆ సుంకాల రేట్లు తర్వాత మారాయి, ఇంకా మారొచ్చు. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే అంకె నమ్మి హడావుడిగా పట్టుబడి పెట్టకండి.

ఇక మీటర్. పొరతో పనిచేసే రకం చౌక, కానీ ఆ పొర, లోపలి ద్రావణం తరచూ మార్చాలి. కాంతితో కొలిచే ఆప్టికల్ రకానికి ముందు ఖర్చెక్కువ, తర్వాత తిప్పలు తక్కువ. నాలుగు గుంటలకు రోజూ వాడతారు గనక నా ఓటు ఆప్టికల్‌కే. ఏది కొన్నా నీటి ఉప్పదనం నమోదు చేసే సౌకర్యం ఉందో లేదో చూడండి. ఉప్పునీళ్లు మంచినీళ్లంత ఆక్సిజన్ పట్టవు, ఆ సవరణ లేకపోతే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మిమ్మల్ని మోసపుచ్చుతుంది. నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున తప్పకుండా చూడండి, 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కంటే దిగనివ్వకండి. మంచి మీటర్ ఉంటే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. రేటు మన చేతిలో లేని ఏడాది కరెంటు బిల్లయినా మన చేతిలో ఉండాలి.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఫోన్లో గుంటకొక షీట్ తెరవండి. సీడ్ వదిలిన తేదీ, మేత, వాడిన ప్రతి మందు రాయండి, బిల్లుల ఫొటోలు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం అందులోనే పెట్టండి. 2025 సెప్టెంబరులో యూరప్ మన దేశంలోని మరో 102 సముద్ర ఉత్పత్తుల యూనిట్లకు అనుమతిచ్చింది. అమెరికా తలుపు సగం మూసుకున్నప్పుడు అది చిన్న విషయం కాదు. కానీ యూరప్‌లో యాంటీబయోటిక్ పరీక్షలు గట్టిగా ఉంటాయి, ఏ గుంట సరుకో అడుగుతారు. లెక్క చూపించగలిగిన రైతుకు ప్లాంటుతో బేరమాడే బలం వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. గోంగూర, మామిడికాయ పచ్చళ్లు, నాలుగు చుడీదార్లు పోస్టులో పంపాను. మర్నాడే, టారిఫ్ కట్టలేదు, పార్శిల్ ఆగిపోయింది, ఈ లింకులో 49 రూపాయలు కట్టండి అని మెసేజ్ వచ్చింది. లింకు తెరిచాను కానీ కార్డు నంబరు ఇవ్వలేదు. భయంగా ఉంది. – నెల్లూరు నుంచి ఒక తల్లి

జవాబు: భయపడకండమ్మా, కార్డు నంబరు ఇవ్వకుండా ఆగి మంచి పని చేశారు. ఆ మెసేజ్ మోసం. తెరిచినప్పుడు ఏదైనా యాప్ దిగిందేమో మాత్రం చూడండి. దిగి ఉంటే ముందు నెట్ ఆపి దాన్ని తీసేయండి, తర్వాత ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఈ దొంగలకు ఊతమిచ్చింది నిజంగా జరిగిన మార్పే. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అమెరికాలో సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు ఎత్తేశారు. మన తపాలా శాఖ కొన్నాళ్లు అక్కడికి బుకింగులే ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి సుంకాన్ని బుకింగ్ కౌంటర్ దగ్గరే ముందుగా కట్టించుకుంటున్నారు. రసీదు మీ చేతిలో ఉంటే తర్వాత లింకు పంపి అడిగేవాళ్లెవరూ ఉండరు. రసీదు మీద ఉన్న ట్రాకింగ్ నంబరు 13 అక్షరాలుంటుంది: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్. దాన్ని తపాలా శాఖ సైట్లో మీరే కొట్టి చూడండి, మెసేజ్‌లోని లింకు ద్వారా వద్దు.

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ర్యామ్, ల్యాప్‌టాప్ ధరలు పెరిగింది ట్రంప్ టారిఫ్ వల్లేనా? అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుంటే లాభమా?

జవాబు: టారిఫ్ వల్ల కాదు. 1996లో సింగపూర్‌లో కుదిరిన ఐటీ ఒప్పందంలో మనం చేరాం కాబట్టి ల్యాప్‌టాప్ మీద మన కస్టమ్స్ డ్యూటీ సున్నా, 18 శాతం జీఎస్టీ మాత్రమే పడుతుంది. ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) ధర పెరగడానికి కారణం ఏఐ డేటా సెంటర్లు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ మెమరీ చిప్పులను అటు మళ్లించాయి. మైక్రానయితే మనలాంటివాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండు నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది.

18 ఏళ్లు నిండినవాళ్లు విమానంలో తమతో తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు డ్యూటీ లేదు. అయితే ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో అన్నయ్యను కొనే ముందే కనుక్కోమనండి. ఫోనుకు ఆ ప్రత్యేక మినహాయింపు లేదు. పైగా అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14వ మోడల్ నుంచి సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్) మాత్రమే. ల్యాప్‌టాప్ ఇక్కడ కొన్నా అక్కడ కొన్నా ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, స్లాట్‌లో ఉందా అని అడగండి. ఇప్పుడు 8 జీబీతో సరిపెట్టుకోవాల్సి వస్తే స్లాట్ ఖాళీగా ఉన్నదే తీసుకోండి, ధరలు దిగాక ఇంకో 8 వేసుకోవచ్చు.