పాడలేని ఆదివారాల గురించి అమ్మడికి

ప్రభువునందు ప్రియమైన అమ్మడికి పెద్దమ్మ ప్రేమతో రాయునది. మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకూ పిల్లలిద్దరికీ శుభములు.

పోయిన నెల నేను మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు టీ పెట్టి, మనిద్దరమే ఉన్నా అలవాటుకొద్దీ మూడు కప్పులు పళ్లెంలో సర్దావు. మూడోదాన్ని చూసుకొని, ఏమీ అనకుండా అలమరలో పెట్టేశావు. నేను చూడనట్టే ఊరుకున్నాను గాని, ఒంగోలులో బస్సు దిగేదాకా ఆ కప్పే నా కళ్లముందు మెదిలింది. ఫోనులో అయితే నువ్వు బాగానే ఉన్నానంటావు, నేను సరేలే తల్లీ అంటాను, మాట అక్కడితో అయిపోతుంది. అందుకే కాగితం తీశాను.

నన్ను సాగనంపుతూ గుమ్మంలో నువ్వు అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేదు. మా ఆయన పోయి ఎనిమిది నెలలైనా పాట నోటికి రావడం లేదు, నాకు విశ్వాసం తగ్గిపోయిందా అని అడిగావు. తగ్గలేదమ్మా. తగ్గి ఉంటే పాడలేకపోతున్నందుకు నీకు ఇంత బాధ ఉండేది కాదు.

మీ పెదనాన్న 1998లో ప్రభువునందు నిద్రించినప్పుడు నాకు నలభై ఒక్క ఏళ్లు. మూడో రోజునే ఒక ప్రసంగీకుడు మా వసారాలో కూర్చొని, ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకోమన్నాడు. ఆ మాటను క్షమించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మరిచిపోవడం ఇప్పటికీ కాలేదు. ఇంకొకరు విశ్వాసులు ఏడవకూడదని, అవిశ్వాసుల ముందు సాక్ష్యం చెడుతుందని అన్నారు. ఆ మాట నమ్మి రెండు నెలలు నవ్వుముఖం పెట్టుకొని బడికీ మందిరానికీ తిరిగాను, రాత్రిళ్లు మాత్రం దిండు తడిసేది. నిన్ను కూడా వచ్చే నెల స్త్రీల కూడికలో లేచి సాక్ష్యం చెప్పమంటున్నారని విన్నాను. ఇప్పుడు కాదని మర్యాదగా చెప్పు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దగ్గరికి వెళ్లేముందు మన ప్రభువు కన్నీళ్లు విడిచాడు కదా, నువ్వు ఆయనకంటే గట్టిదానిలా కనబడవలసిన పని లేదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చొని ఒక్క మాటైనా అనలేదు. వాళ్లు నోరు తెరిచిన తరువాతే చెడ్డారు. నీ ఇంటికి వచ్చేవాళ్లలో మొదటి వారంలాంటి స్నేహితులెవరో, తరువాతి రోజుల్లాంటి స్నేహితులెవరో నీకే తెలుస్తుంది.

కాబట్టి నేను చెప్పే మొదటి పని, స్తుతి కీర్తనలను కొన్నాళ్లు పక్కన ఉంచి, ఏడ్పు కీర్తనలను పైకి చదవడం. పదమూడో కీర్తన ఎంతవరకు, ఎంతవరకు అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలై, ఆరో వచనానికి కీర్తించెదనంటుంది. నీ మనసు ఆ ఆరో వచనానికి ఇంకా చేరకపోతే ఎనభై ఎనిమిదో కీర్తన తియ్యి. హేమాను పేర ఉన్న ఆ కీర్తన చివరి మాటదాకా చీకటిలోనే ఉంటుంది, వెలుగు గురించి ఒక్క ముక్క కూడా లేకుండానే ముగుస్తుంది. అయినా మన పెద్దలు దాన్ని గ్రంథంలోనుంచి తీసెయ్యలేదు. నేను తెల్లవారుజామున వంటింట్లో తలుపు వేసుకొని దాన్ని చదివేదాన్ని. అది దేవునితో పోట్లాటలా ఉండేది గాని, పోట్లాడడానికైనా రోజూ ఆయన దగ్గరికే వెళ్లేదాన్ని.

రెండోది నీ శరీరం సంగతి. చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి, నేను చూశాను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నప్పుడు దూత ఉపదేశం చెయ్యలేదు. లేచి భోజనం చేయమన్నాడు, నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తలదగ్గర పెట్టాడు, తిన్న తరువాత మళ్లీ నిద్రపోనిచ్చాడు, రెండోసారీ లేపి తినమన్నాడు. హోరేబు పర్వతం మీద దేవుడు అతనితో చెప్పిన మాటలన్నీ ఆ తరువాతివే. పూట తప్పకుండా తిను. నిద్ర పట్టని రాత్రులు ఇలాగే కొనసాగినా, పిల్లల్ని వదిలి మీ ఆయన దగ్గరికి వెళ్లిపోదామన్న తలంపు ఒక్కసారి వచ్చినా, అర్ధరాత్రి అని చూడకుండా నాకు ఫోను చెయ్యి. మానసిక వైద్యులను కలువు. 14416 అనే టెలిమానస్ ప్రభుత్వ మానసిక సహాయ నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళనైనా మాట్లాడవచ్చు, తెలుగులోనే. మాత్ర వేసుకుంటే ప్రార్థన మీద నమ్మకం లేనట్టని ఎవరైనా అంటే, వాళ్లు తమ షుగరు మాత్రలు మానేశారేమో అడుగు.

ఇంకొక మాట, మధ్యలో గుర్తొచ్చింది. ఇక నువ్వే ఇంటికి పెద్దవని చుట్టాలు పదేళ్ల బాబుతో అంటున్నారు. అననివ్వకు. రాత్రి కుటుంబ ప్రార్థన వాళ్ల నాన్న చేసేవాడు గనుక ఇప్పుడు వాడి చేత చేయించాలని నీకు అనిపించవచ్చు. వాడు ఒక వచనం చదివితే చాలు, చిన్నది ఒక వచనం చదువుతుంది, నువ్వు ప్రభువు ప్రార్థన చెప్పు. అయిదు నిమిషాల్లో అయిపోవాలి.

ఇప్పుడు పాట గురించి చెబుతాను, నీ ప్రశ్న అదే కాబట్టి. ఆ రోజుల్లో నేను మందిరంలో కీర్తనల పుస్తకం తెరిచి, పాట పైన అచ్చు వేసిన రాగం, తాళం పేర్లను చూస్తూ కూర్చునేదాన్ని, గొంతు మాత్రం పెగిలేది కాదు. నా పక్కన కూర్చునే ముసలమ్మకు చదువు రాదు, శ్రుతి అసలే లేదు. కాని కీర్తనలన్నీ కంఠతా వచ్చు, తాళం తప్పుతూ గట్టిగా పాడేది. ఒకనాడు ఆమె నా చేతిలోని పుస్తకానికి రెండో అంచు పట్టుకొని, నువ్వు పట్టుకో చాలు, నీ వంతు కూడా నేను పాడతాలే అంది. ఎనిమిదో తొమ్మిదో నెలలు ఆమె నా వంతు పాడింది. సంఘమనేది ఎందుకు ఉందో బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ చదువురాని మనిషి వల్ల తెలిసింది.

మన ఒంగోలువాళ్లం 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం పొందారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ నీళ్లలో దిగినవాళ్లు ఎలాంటి ఏళ్లు దాటి వచ్చారో అంతగా చెప్పుకోం. 1876 నుంచి కరువు, దాని వెంట కలరా. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనికి గుత్త తీసుకొని కూలి ఇప్పించాడు, కూటికోసం మతంలో కలిశారన్న మాట రాకుండా ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బుల ఆశ తీరిపోయిన తరువాత కూడా వాళ్లు వచ్చారు, వచ్చినవాళ్లలో ఎందరో తమవాళ్లను పూడ్చిపెట్టి వచ్చినవాళ్లే. ఆ రోజు ఒడ్డున కీర్తన ఎత్తుకున్నప్పుడు ఎన్ని గొంతులు మధ్యలో ఆగిపోయి ఉంటాయో అని నేను తరచుగా అనుకుంటాను.

సంతోషం తిరిగి వచ్చేటప్పుడు చెప్పి రాదు, అమ్మడూ. నాకైతే ఏడో తరగతి పరీక్ష కాగితాలు దిద్దుతుండగా వచ్చింది. భూతకాలమనగా నేమి అన్న ప్రశ్నకు ఒక పిల్లవాడు, దయ్యములు తిరుగు కాలము అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. పగలబడి నవ్వాను. ఆ వెంటనే, ఆయన పోయి ఏడాదైనా కాకుండా నవ్వానే అని కాగితాలు మూసేసి ఏడ్చాను. నీకూ అలాగే జరుగుతుంది, ఆ నవ్వును తప్పని తోసెయ్యకు. నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము అని దావీదు అడిగాడు. తెలుగు పంతులమ్మను కదా, ఆ క్రియాపదం దగ్గర ఆగాను: తెచ్చుకుంటానని కాదు, పుట్టించమని అడిగాడు. దావీదు అడిగింది తన పాపం విషయంలో, నీది దుఃఖం. ఆ ప్రసంగీకునిలా నేను రెంటినీ కలపను. కాని పుట్టించేవాడు రెండుచోట్లా ఒక్కడే గనుక, నిన్ను నువ్వు బలవంతపెట్టి సంతోషాన్ని తెచ్చుకోవలసిన భారం నీమీద లేదు.

యెహోవాయందు ఆనందించుటవలన బలమొందుదురన్న నెహెమ్యా మాటను క్యాలెండర్ల మీద అచ్చు వేస్తారు గాని, అదే వచనం మొదటి సగాన్ని వెయ్యరు. ఏడుస్తున్న జనంతో, వెళ్లి మంచి భోజనం చేయండి, ఏమీ సిద్ధం చేసుకోని వాళ్లకు వంతులు పంపండి అని అక్కడ ఉంది. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి మూల కుండలో వేసేది, నెల తిరిగేసరికి అది ఎవరో ఒకరి ఇంటికి చేరేది. నేను ఆయన పోయిన ఏడో నెలలో ఆ కుండ మళ్లీ మొదలుపెట్టాను. ఇచ్చి వచ్చిన రోజు రాత్రి కాస్త నిద్ర పట్టేది, ఎందుకో అప్పుడు ఆలోచించలేదు. మీ సందు చివర కాలు విరిగి మంచాన ఉన్న ఆ పెద్దావిడకు వారానికి ఒక పూట కూర పంపు. బాబు చేత పంపకు, నువ్వే వెళ్లు.

వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి మీ ఇంట్లోనే పడుకుంటాను, పొద్దున అందరం కలిసి మందిరానికి వెళదాం. కీర్తనల పుస్తకం నాదే తెస్తాను, పెద్ద అక్షరాలది. ఒక అంచు నువ్వు పట్టుకో. నా గొంతు కూడా ఇప్పుడు బొంగురు పోయింది, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇట్లు,
ప్రభువునందు నీ పెద్దమ్మ