కంటి చుక్కల మందు వల్ల ఒంట్లో వేరే ఇబ్బందులు వస్తాయా? మా అమ్మకు చుక్కలు మొదలుపెట్టినప్పటి నుంచి పగలంతా మగతగా ఉంటోంది

వస్తాయండీ. మా నాయనకు వచ్చాయి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది తిరుపతి. నెలనెలా అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం మా నాయనకు అలవాటు. 3,550 మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కే మనిషి. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోగొట్టే నీటికాసుల జబ్బు (గ్లాకోమా) అని తేలి చుక్కలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకే, గాలిగోపురం ఇంకా రాకముందే మెట్టు మీద కూలబడిపోయాడు. "కాళ్ళు ఆడతా లేవురా, రొమ్ము పట్టేసినట్టుంది" అన్నాడు. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు. చిన్నప్పుడెప్పుడో ఉబ్బసం ఉండేదట, పెద్దయ్యాక దాని ఊసే లేదు.

ఆస్పత్రిలో చూస్తే పల్స్ 44. ఈసీజీ తీశారు, ఎకో తీశారు. "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడిగిన ప్రతి డాక్టరుకీ నాయనది ఒకటే జవాబు: "మాత్రలేం లేవు సార్." అది నిజమే కదా! చివరికి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చొక్కా జేబు వైపు చూసి "పెద్దాయనా, అదేంది?" అంది. "కండ్లలో ఏసుకునే చుక్కలమ్మా, మందు కాదు." ఆమె సీసా తిప్పి చూసింది. టిమొలాల్, 0.5 శాతం.

అది బీటా బ్లాకర్. గుండె వేగం తగ్గించే మాత్రల జాతిదే. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇవ్వకూడని మందు. ఆమె కంటి డాక్టరుతో మాట్లాడి మార్పించింది. రాత్రిపూట ఒక్కసారి వేసుకునే లాటానోప్రోస్ట్ ఇచ్చారు. వారం తిరక్కుండానే పల్స్ దారిలో పడింది, పిల్లికూతలు పోయాయి.

ముక్కు పక్కన, కంటి మూలలో సన్నటి రంధ్రాలుంటాయి. కన్నీళ్ళు వాటిగుండానే ముక్కులోకి దిగుతాయి. చుక్కలు వేసుకున్నాక గొంతులో చేదు తగిలేది అందుకే. ముక్కు లోపలి పొర నుంచి మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్రయితే ముందు కాలేయం దాటాలి, అక్కడే కొంత విరిగిపోతుంది. చుక్కకు ఆ అడ్డు లేదు. అందుకని వేసుకున్న వెంటనే కళ్ళు మూసుకుని, కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. ఈ ఒక్క ముక్క మాకు చుక్కలు రాసిచ్చిన చోట ఎవరూ చెప్పలేదు. రోగికి చెప్పడానికి అర నిమిషం పట్టదే!

చుక్కలొక్కటే కాదు. మా పక్కింటి అత్త బీపీకి ఎనలాప్రిల్ వేసుకుంటూ పొడి దగ్గుకి టానిక్ మీద టానిక్ తాగింది. ఆ దగ్గు ఆ మాత్రదే. ఆమ్లోడిపిన్‌తో కాళ్ళు వాస్తే కిడ్నీలు పోయాయని బెంబేలెత్తినవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే డాక్టర్లు "ఏం మాత్రలు" అని అడగడం మానేసి, "కంట్లో, ముక్కులో, ఒంటి మీద ఏమేం వాడుతున్నారు" అని అడగాలి.

మీ అమ్మగారి సీసా మీద బ్రిమోనిడిన్ అని ఉందేమో చూడండి. దాంతో మగత, నోరెండడం మామూలే. అలాగని మీరే ఆపెయ్యకండి, నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. ఆ సీసా పట్టుకుని రేపే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.