కాజీపేట–వరంగల్ రోజువారీ ప్రయాణానికి డీజిలా, పెట్రోలా?

కాజీపేట నుంచి వరంగల్‌కు రోజూ వెళ్లి రావడానికి కారు కొనాలి, డీజిలా పెట్రోలా తేలడం లేదు అని అడిగారు. మీరు తేల్చుకోలేకపోవడానికి కారణం, మైలేజీ అంకె ఒక్కటే చూడటం. ఆ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద కొలిచినది. హనుమకొండ సిగ్నళ్ల దగ్గర, మే నెల ఎండలో, ఏసీ వేసుకుని అది రాదు.

1. ఎక్కువమంది వదిలేసే లెక్క ఇది, దయచేసి మీరు వదలకండి. రోజుకు 30 కి.మీ., ఏడాదికి 300 రోజులు అన్నారు. అంటే 9,000 కి.మీ. పెట్రోలు కారు లీటరుకు 18 ఇస్తే 500 లీటర్లు, డీజిల్ కారు 22 ఇస్తే 409 లీటర్లు. లీటరు పెట్రోలు రూ. 107, డీజిల్ రూ. 96 అనుకుంటే ఏడాదికి మిగిలేది దాదాపు రూ. 14,000. డీజిల్ కారుకు లక్ష ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి ఏడేళ్లు! మీ బంకు ధరలు వేసి మళ్లీ లెక్కించండి.

2. బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు రహదారిపై ఆగకుండా నడపాలి. రోజంతా ఊళ్లోనే తిరిగితే పూడుకుపోతుంది.

3. సీఎన్‌జీ చవకే. మీ దారిలోనే బంకు ఉందా, సాయంత్రం వరుస ఎంత ఉంటుందో ముందు వెళ్లి చూడండి. డిక్కీలో చోటు తగ్గుతుంది.

నా మాటగా అయితే 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉన్న చిన్న కారు: స్విఫ్ట్ లేదా టియాగో. రెండింటినీ మీ దారిలోనే, ఏసీ వేసి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని నడిపి చూడండి.